కుళాయి ఎక్కడ అని అడిగారు, వాడ ఎక్కడ అని అడగలేదు

పట్టణాల అభివృద్ధి మీద ఏ సదస్సు జరిగినా రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. ఒకటి ‘ప్రజల భాగస్వామ్యం’. రెండోది ‘సుస్థిర నివాస ప్రాంతం’. మున్సిపాలిటీ వాళ్లూ, కాలనీలో ఉండేవాళ్లూ ఒకచోట కూర్చుని తమ వీధి ఎలా ఉండాలో తామే నిర్ణయించుకోవాలన్నది వీటి సారాంశం. వినడానికి బాగానే ఉంది. కాదనడానికి ఎవరికీ నోరు రాదు. నోరు రాని చోటనే విమర్శ మొదలుకావాలని మా ఉద్దేశం. అందుకే తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలనూ, వాటి చుట్టూ ఉన్న ఊళ్లనూ దగ్గర పెట్టుకుని ఈ రెండు మాటల్ని పరిశీలిస్తున్నాం.

సుస్థిరం అంటే ఎంతకాలమైనా కదలకుండా నిలిచేది అని అర్థమైతే, కృష్ణా డెల్టాలో వెలివాడను మించిన సుస్థిర నిర్మాణం ఇంకొకటి లేదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. కాలువలొచ్చాయి, వరి వచ్చింది, రైలొచ్చింది, తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అని పేరొచ్చింది. 1909లో తెనాలికి మున్సిపాలిటీ వచ్చింది. ఇన్ని వచ్చినా పల్లె మాత్రం ఊరికి ఏ దిక్కున ఉండాలన్నారో ఆ దిక్కునే ఉండిపోయింది. ఇంతటి నిలకడ ఏ ఇంజనీరు సాధించాడు? ఏ ప్లానూ గీయకుండానే మనుధర్మం సాధించింది.

డెల్టా భూమి చూడటానికి బల్లపరుపు. తెలియనివాళ్లు అంతా ఒకటే మట్టం అనుకుంటారు. జానెడు మెరక, జానెడు పల్లం తేడాతో ఇక్కడ బతుకులే మారిపోతాయి. ఊరు మెరక మీద ఉంటుంది. మాలపల్లె, మాదిగపల్లె పల్లంలో ఉంటాయి. వానొస్తే ఊళ్లో నీళ్లు గంటలో పోతాయి. ఎటుపోతాయి? మావైపే వస్తాయి. పట్టణం పెరిగి ఆ పల్లెల్ని తనలో కలుపుకున్నాక వాటి పేరు పేట అయింది, కాలనీ అయింది, నగర్ అయింది. మట్టం మాత్రం మారలేదు. మాస్టర్ ప్లాను మ్యాపులో నివాస ప్రాంతానికంతా ఒకటే పసుపు రంగు పూస్తారు. రంగు ఒకటే గదా అని సంబరపడాల్సిన పనిలేదు. ఏ వీధి మురుగు ఏ వీధిలోకి దిగుతుందో ఆ పసుపు రంగు చెప్పదు. ఊరినీ వాడనీ ఒకటే అని చూపించే పటం కులాన్ని రద్దు చెయ్యదు, కనబడకుండా దాస్తుంది.

ప్రభుత్వం ప్లాను గీసి, జనాన్ని తెచ్చి కూర్చోబెట్టిన కాలనీ ఈ ప్రాంతానికి కొత్త కాదు. బాపట్ల పక్కనే స్టువర్టుపురం ఉంది. ఎరుకల కులస్తుల్ని నేరస్థ జాతుల చట్టం కింద పెట్టి, 1913లో మద్రాసు ప్రభుత్వం, సాల్వేషన్ ఆర్మీ కలిసి ఆ సెటిల్‌మెంటును స్థాపించాయి. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. ఇళ్లిచ్చారు, బడి పెట్టారు, భూములు చూపించారు, చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో పని చూపించారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే సమగ్ర నివాస పథకం! లేనిదొక్కటే, గడప దాటి పోయే స్వేచ్ఛ. హాజరు వేయించుకోవాలి, బయటికెళ్లాలంటే అనుమతి కావాలి. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ ఆ ఊరి పేరు మీద వేసిన ముద్రను సినిమాలూ పత్రికలూ ఇంకా మోస్తూనే ఉన్నాయి. సౌకర్యాల పట్టిక చూపించి ‘ఇది మంచి ప్రణాళిక’ అనేవాళ్లకు స్టువర్టుపురం జవాబు చెబుతుంది. ఎన్ని కుళాయిలున్నాయన్న ప్రశ్న కంటే ముందు, ఆ మనుషులు అక్కడ ఉండాలని ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న వేసుకోవాలి.

ఇక ‘భాగస్వామ్యం’ సంగతి. ఆంధ్ర దేశంలో ఈ మాటను ఇంటింటికీ చేర్చిన పథకం జన్మభూమి. 1997 జనవరిలో మొదలైంది. గ్రామసభలు పెట్టారు, నోడల్ అధికార్లు వచ్చారు, శ్రమదానం చెయ్యమన్నారు. మాకు ఆ మాట దగ్గరే చిక్కు. తరతరాలుగా వెట్టి చేసినవాణ్ణి పట్టుకుని ‘నీ శ్రమను దానం చెయ్యి’ అంటే దాన్ని భాగస్వామ్యం అని ఎట్లా పిలుస్తాం? దానం చెయ్యడానికి ముందు అది తనదై ఉండాలి గదా. ఊరి పెద్ద పలుగు పట్టుకుని ఫొటో దిగితే దానం. మా నాయనలు పొద్దుట్నుంచి మాపటిదాకా మట్టి మోస్తే అది మామూలు పని. దీనికి కొద్దినెలల ముందే, 1996 ఆగస్టులో, కేరళలో ప్రజా ప్రణాళిక మొదలైంది. అక్కడ రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతికిచ్చి, ఏం చేసుకుంటారో మీరే తేల్చుకోండి అన్నారు. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె పట్టణం 1989 నుంచీ మున్సిపల్ బడ్జెటులో పెట్టుబడుల్ని పేటల మీటింగుల్లో తేల్చింది. అక్కడ లోపాల్లేవని కాదు. కేరళలోనూ దళితుల, ఆదివాసుల వాటా మీద గట్టి విమర్శలున్నాయి. తేడా ఏమిటంటే అక్కడ జనం ముందు పెట్టింది డబ్బు, ఇక్కడ జనం ముందు పెట్టింది తట్ట.

చట్టం ఏమంటోందో చూద్దాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు పద్దెనిమిది అంశాలు రాశారు. పట్టణ ప్రణాళిక మొదటిది. పర్యావరణ పరిరక్షణ, మురికివాడల మెరుగుదల, శ్మశానాలు కూడా ఉన్నాయి. జనం కూర్చుని మాట్లాడుకునే చోటు వార్డు కమిటీ. అయితే 243 ఎస్ అధికరణం ప్రకారం మూడు లక్షలూ అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలకే వార్డు కమిటీ తప్పనిసరి. 2011 లెక్కల్లో తెనాలి జనాభా లక్షా అరవై నాలుగు వేలు దాటింది. బాపట్లది డెబ్బై వేలు, రేపల్లెది యాభై వేలు. అంటే రాజ్యాంగం హామీ ఇచ్చిన ఆ కాస్త చోటు కూడా ఈ మూడు పట్టణాల దాకా రాలేదు. చిన్న పట్నంలో జనం ఒకరికొకరు తెలుసు గాబట్టి కమిటీ అక్కర్లేదనుకున్నారేమో. ఒకరికొకరు తెలిసిన చోటనే గదా కులం గట్టిగా పనిచేసేది!

కమిటీ లేకపోతేనేం, కౌన్సిలర్లున్నారు గదా అనవచ్చు. 2021 మార్చిలో మున్సిపల్ ఎన్నికలు తెనాలిలో, రేపల్లెలో జరిగాయి. బాపట్లలో జరగలేదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. కలెక్టరు వచ్చారు, ఆఫీసులు వచ్చాయి, పట్టణంలో భూమి ధర పెరిగింది. ఆ పట్టణం ఎటు పెరగాలో తేల్చే సమయానికి ఎన్నికైన కౌన్సిలు మాత్రం లేదు. 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో ప్లానింగు కార్యదర్శి, పారిశుధ్య కార్యదర్శి, సంక్షేమ కార్యదర్శి అని ఉద్యోగాలు పెట్టారు. మా పేటల పిల్లలకు వాటిలో ఉద్యోగాలొచ్చాయి, అది చిన్న విషయం కాదు. ఆఫీసు ఇంటికి దగ్గరైంది నిజమే. దరఖాస్తు ఇవ్వడానికి దగ్గరైంది, నిర్ణయం చెయ్యడానికి కాదు.

ఈ వరసలో కాస్త నిలబడి చూడాల్సిన ప్రయోగం ఒకటుంది. బ్రిటన్ ప్రభుత్వ సంస్థ డీఎఫ్‌ఐడీ డబ్బుతో 2000లో మొదలై 2008 దాకా నడిచిన ‘పట్టణ పేదలకు సేవలు’ పథకం, ఏపీయూఎస్‌పీ అనేవాళ్లు. లక్ష జనాభా దాటిన మొదటి శ్రేణి పట్టణాలకు అది వర్తించింది. తెనాలి ఆ శ్రేణి పట్టణమే. బాపట్ల, రేపల్లె కావు. ప్రతి పట్టణమూ పేదరిక నిర్మూలనకు ఒక మున్సిపల్ కార్యాచరణ ప్రణాళిక రాయాలి. పేటల్లో మీటింగులు పెట్టి, ఆడవాళ్ల సంఘాలతో కూర్చుని సూక్ష్మ ప్రణాళికలు రాయాలి. పనులు ముందు ఏ పేటకు చెయ్యాలో తేల్చడానికి తొమ్మిది గళ్ల పట్టిక తయారుచేశారు. ఒక పక్క పేదరికం, ఒక పక్క సౌకర్యాల లోటు. రెండూ ఎక్కువున్న పేట ముందుకొస్తుంది.

ఈ పట్టికను తేలిగ్గా కొట్టిపారెయ్యడం మాకు ఇష్టం లేదు. అంతకుముందు ఏ పేటకు సిమెంటు రోడ్డు రావాలో కౌన్సిలరు ఇంటి అరుగు మీద తేలేది. పట్టిక వచ్చాక కనీసం వాదించడానికి ఒక కాగితం దొరికింది. మా అక్కలు కొందరు మొదటిసారి మున్సిపల్ ఇంజనీరు ఎదురుగా కుర్చీలో కూర్చున్నది ఇట్లాంటి మీటింగుల్లోనే. అయితే పట్టిక లోటును కొలిచింది, ఆ లోటు ఎటునుంచి వచ్చిందో కొలవలేదు. పేటలో సైడు కాలువ లేదు అన్నది లోటు కింద రాశారు. పై వీధి కాలువ తెచ్చి మా పేట నోట్లో వదిలారు అన్నది ఏ గడిలో రాయాలి? మొదటిదానికి మా పేటలో కాలువ తవ్వితే చాలు. రెండోదానికి పై వీధిని అడగాలి, పై వీధి మీద ఖర్చుపెట్టాలి, పై వీధి వాళ్లతో గొడవపడాలి. పేదల పథకం పేదల పేట హద్దు దాటి రాదు. కులం సంగతి సరేసరి. కొలతల్లోకి అది ఎప్పుడైనా వస్తే ఎస్సీ, ఎస్టీలు ఇంత శాతం అని వస్తుంది. కులం శాతం కాదు, అది ఊరికీ పేటకీ మధ్య సంబంధం. సంబంధాన్ని కొలవని పట్టికతో చేసిన ప్రణాళిక, జబ్బు ఉన్న ఒళ్లు వదిలి నీడకు మందు పూసినట్టుంటుంది.

మరి ఈ ప్రాంతంలో దళితులు స్థానిక ప్రభుత్వంతో, రాష్ట్ర ప్రభుత్వంతో ఎదురుగా నిలబడి ‘ఏది ఎక్కడ ఉండాలి’ అన్నది తేల్చిన సందర్భమే లేదా? ఉంది. ఒకటి కాదు, మూడున్నాయి. పట్టణ ప్రణాళికా శాస్త్రం వాటిని తన పుస్తకాల్లో రాసుకోలేదు.

మొదటిది కారంచేడు. ఆ ఊరు అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఆ హత్యాకాండను భూమి, కులం, రాజకీయం కోణాల్లో చాలామంది రాశారు. అది మొదలైన చోటు మంచినీళ్ల చెరువు. మాదిగపల్లెవాళ్లు తాగే చెరువులోకి గేదెల కుడితి నీళ్లు పోతుంటే అడ్డం చెప్పారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురిని చంపారు. తాగే నీళ్లు చెడగొట్టొద్దు అనడం పర్యావరణ పరిరక్షణ కాదా? ఆమె ఏ పర్యావరణ సంఘంలోనూ సభ్యురాలు కాదు గాబట్టి ఆ చరిత్రలో ఆమె పేరుండదు. బతికినవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో శిబిరం పెట్టారు. దళిత మహాసభ అక్కడే పుట్టింది. ఊరికి తిరిగి పొమ్మంటే పోమన్నారు. మాకు చీరాలలోనే ఇళ్లు కావాలన్నారు. అట్లా వచ్చిందే విజయనగర్ కాలనీ. తమ నివాసం ఎక్కడ ఉండకూడదో, ఎక్కడ ఉండాలో తేల్చింది కలెక్టరు కాదు, బాధితులు.

రెండోదీ మూడోదీ చుండూరువి. తెనాలి పక్క ఊరు. 1991లో అక్కడ గొడవకు మొదలు సినిమా హాలు. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటులో ఉన్న అగ్రవర్ణ కుర్రాడికి తగిలింది. ఊరంతా కూర్చునే ఒకే ఒక్క కొత్త చోటులో ఎవరు ఏ వరసలో కూర్చోవాలన్న తగువది. తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిది మందిని పొలాల వెంట తరిమి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయినులో పారేశారు. డ్రెయిను అనే మాట మాకు ఇంజనీరింగు మాటగా మాత్రమే ఎందుకు వినబడదో ఇప్పుడు అర్థమవుతుంది. తెనాలిలో శిబిరం పెట్టిన జనం తమవాళ్లను ఊరికి దూరంగా చెరువుగట్టున పూడ్చడానికి ఒప్పుకోలేదు. ఊరి మధ్యన సమాధి చేశారు. దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. దళితుల శ్మశానానికి దారి కూడా ఇవ్వని ఊళ్లున్న దేశంలో, దళితుల సమాధులు ఊరి నడిబొడ్డున నిలిచాయి.

ఆ తర్వాత కోర్టు. ప్రత్యేక కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టారు. సాక్షులు కూలి మానుకుని దూరాభారం తిరగలేరు, దారిలో ప్రాణానికి భరోసా లేదు, నేరం ఎక్కడ జరిగిందో న్యాయం అక్కడే జరగాలి అన్నారు. ఏళ్ల తరబడి నడిచిన పోరాటం తర్వాత కోర్టు చుండూరుకు నడిచొచ్చింది. 2007 జులై 31న ఇరవై ఒక్కమందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులన్నది. దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర్పుల సంగతి వేరే రాయాలి. ఇక్కడ మేం చెప్పేది చోటు గురించి. ఇల్లు ఎక్కడ, సమాధి ఎక్కడ, న్యాయస్థానం ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకూ ఈ ప్రాంతపు దళితులు తామే జవాబు చెప్పి, ప్రభుత్వం చేత ఒప్పించారు. పిలిచి కుర్చీ వేస్తే జరిగిన భాగస్వామ్యం కాదిది. నిరాకరణతో మొదలైన భాగస్వామ్యం.

దీనికి సిద్ధాంతం లేదనుకోవద్దు. 1942 జులైలో నాగపూరులో జరిగిన అఖిల భారత నిమ్నవర్గాల మహాసభ, ఊరి అంచున వాడలో బతకడం కంటే వేరే ఊళ్లు కట్టుకోవడమే మేలని తీర్మానించింది. 1947లో అంబేద్కర్ రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో దానికోసం సెటిల్‌మెంటు కమిషన్ కావాలన్నాడు. ప్రభుత్వ బంజరు భూములు ఆ కమిషన్ చేతిలో పెట్టాలన్నాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని ఆకాశానికెత్తేవాళ్లను ఆయన ఎందుకు నిలదీశాడో ఈ వెలుగులో చదవాలి. ఊరూ వాడా విడిపోయి ఉన్నచోట ‘స్థానిక సముదాయం’ అనే ఏకవచనం అబద్ధం. సముదాయ భాగస్వామ్యం గురించి రాసే మన ప్రొఫెసర్లు ఎక్కడెక్కడి పుస్తకాలో ఉదహరిస్తారు, ఈ ఒక్క పుస్తకం మాత్రం వాళ్ల బల్ల మీదకు రాదు.

విడిగా కట్టుకోవడం అనగానే ఇళ్ల స్థలాలు గుర్తొస్తాయి. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా ముప్పై లక్షల పట్టాల పంపిణీ మొదలైంది. పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటంటే నలభై ఎనిమిది గజాల చిల్లర. పట్టా ఆడవాళ్ల పేర ఇచ్చారు, అది మంచి పని. అయితే సెంటు చాలునా అన్నది పట్టా తీసుకునేవాళ్లను అడిగి తేల్చింది కాదు, పైనుంచి వచ్చిన కొలత. గేదెను ఎక్కడ కట్టాలి, పెళ్లయిన కొడుకు ఎక్కడ పడుకోవాలి, ముసలమ్మ ఎండకు ఎక్కడ కూర్చోవాలి? డెల్టాలో లే అవుట్లు చాలావరకు పట్నానికి దూరంగా, వరి పండిన పల్లపు నేలల్లోనే వచ్చాయి. మెరక చెయ్యందే పునాది తియ్యలేరు. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్నంలో రెండు, పల్లెలో మూడు సెంట్లు అంది. సెంట్ల వేలంపాటలో పార్టీలు పోటీ పడుతున్నాయి, స్థలం ఎక్కడన్న మాట ఎవరూ ఎత్తరు. ఇందులో మా వాళ్లు తప్పించుకోలేని చిక్కు కూడా ఉంది. లాటరీ తీసి ప్లాట్లు పంచినచోట కులాల వారీ వీధులు కలగాపులగం అయ్యాయి. ఇన్నాళ్ల తోడు చెదిరిందని మా పెద్దవాళ్లు బాధపడతారు. వెలివాడ చెదిరింది గదా అని మాకు లోలోపల సంతోషం. ఈ రెండిట్లో ఏది కావాలో పై ఆఫీసు తేల్చకూడదు, మేమూ తేల్చకూడదు.

రేపల్లె సంగతి ఇంకో రకం. అక్కడ ప్రణాళిక అంటే ముందుగా కరకట్ట. 1977 నవంబరు ఉప్పెన ఆ తీరాన్ని ఊడ్చేసింది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులు దిగింది. ‘ఇంకిట్లాంటిది రాదు’ అన్నారు. 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల నలభై వేలు దాటింది. కట్టకు లోపల లంకల్లో ఎవరుంటారు, కట్ట ఏ మట్టానికి కట్టారు, గండి పడితే నీళ్లు ముందు ఏ పేటలోకి వస్తాయి అన్నవి పేటవాళ్లకు తెలుసు. కాగితం మీద లేవు. అట్లాగే ఏ పట్నంలోనైనా మురుగు ఎటు పోతుందో తెలిసినవాళ్లు పారిశుధ్య కార్మికులు. ఏ కల్వర్టు కింద ఏం అడ్డుపడుతుందో, ఏ హోటలు గొట్టం దొంగతనంగా ఎక్కడ కలిపారో వాళ్లకు కంఠతా వచ్చు. మాదిగలు, రెల్లివాళ్లు తరాలుగా చేతులతో నేర్చిన విద్య అది. 2023 డిసెంబరులో వాళ్లు సమ్మె చేస్తే చెత్త పేరుకుందని పత్రికలు రాశాయి. డ్రెయినేజి ప్లాను మీటింగుకు వాళ్లను ఎప్పుడైనా నిపుణులుగా పిలిచారా అని ఒక్క పత్రికా అడగలేదు. సుస్థిరత గురించి వాళ్లకు క్లాసులు మాత్రం చెబుతున్నారు.

డబ్బు గురించి ఒక్కమాట. ఎస్సీ సబ్‌ప్లాను చట్టం 2013లో వచ్చింది. పదేళ్ల గడువు తీరాక 2023లో ఆర్డినెన్సుతో పొడిగించారు. లెక్కలు రాష్ట్ర బడ్జెటు పుస్తకాల్లో ఉంటాయి. తన పేట పేరున ఈ ఏడు ఎంత పడిందో, ఎంత ఖర్చయిందో చెప్పే కాగితం పేటలో ఉన్న మనిషికి దొరకదు. ఆ కాగితం లేకుండా పిలిచే మీటింగుకు పోవడమా మానడమా అన్నది మన కార్యకర్తలు ఆలోచించుకోవాలి. పోవద్దని మేం అనం. చేతిలో ఏమీ లేకుండా పోవద్దంటాం.

ముసాయిదా మాస్టర్ ప్లాను ప్రకటించాక అభ్యంతరాలకు చట్టం గడువిస్తుంది. ఆ నోటీసు చూసి రియల్ ఎస్టేటువాళ్లు సర్వేయర్లతో పరిగెత్తుతారు. మన పేటల్లో తాపీ మేస్త్రీలున్నారు. పునాదులు సరిచూసే నీళ్ల గొట్టం ప్రతి మేస్త్రీ ఇంట్లో ఉంది. హాస్టలు విద్యార్థులు నలుగురు ఆ మేస్త్రీలతో కలిసి నాలుగు ఆదివారాలు తిరిగితే చాలు. ఊరి రోడ్డు మట్టం ఎంత, పేట గడప మట్టం ఎంత, కాలువ ఎటు వాలింది, శ్మశానం దారి ఎవరి పొలంలో ఆగింది అన్నది అంగుళాల్లో రాయొచ్చు. కల్వర్టుల సంగతి పారిశుధ్య కార్మికుల్ని అడిగి పక్కన చేర్చాలి. పేటవాళ్లందరి సంతకాలు, వేలిముద్రలు పెట్టించి, గడువు లోపల మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి.